సైన్యంతోపాటు ఏమేం వెళ్లిపోయాయి?

సంపాదకులకు,

అఫ్గానిస్థాన్ ప్రస్తావన వస్తే చాలు, మన టీవీ చర్చల్లోనూ పత్రికా వ్యాసాల్లోనూ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. 2021లో అమెరికా సైన్యం వెళ్లిపోతున్నప్పుడు మూడు లక్షల అఫ్గాన్ సైన్యం ఒక్క తూటా పేల్చకుండా తాలిబన్లకు లొంగిపోయిందని. ఇరవై ఏళ్లలో ఆ దేశపు సైనికులు, పోలీసులు సుమారు 66 వేల మంది ప్రాణాలిచ్చారు. అమెరికా కోల్పోయింది 2,400 మందికి పైగా. అంతమంది చచ్చిపోయాక వాళ్లను పిరికివాళ్లనడం అన్యాయం. ఆ మాట వల్ల ఇంకో నష్టమూ ఉంది. ‘వాళ్లు పోరాడలేదు’ అని తేల్చేస్తే ఆ ప్రభుత్వం ఎందుకు కూలిందో వెతికే పనే ఉండదు. ఎందుకో తెలుసుకోకపోతే రేపు ఇంకో దేశం నుంచి ఇంకో సైన్యం ఇలాగే బయల్దేరుతుంది, అక్కడి జనం ఇలాగే నట్టేట మునుగుతారు.

యుద్ధంతో చితికిన దేశం నుంచి బయటి సైన్యం వెళ్లిపోయేటప్పుడు దాంతోపాటు ఏమేం వెళ్తున్నాయో విడివిడిగా లెక్కపెట్టాలి. తుపాకీ పట్టినవాళ్లు ఒక లెక్క. యంత్రాలు బాగుచేసేవాళ్లు వేరే లెక్క. జీతాల డబ్బు, ఇంధనం, తిండిగింజలు మరో లెక్క. సంధి చర్చల్లో స్థానిక ప్రభుత్వానికి ఉండాల్సిన చోటు ఇంకో లెక్క. మొదటిది పోయినా రాజ్యం నిలబడగలదు. మిగతావి పోతే నిలబడదు. ఇందుకు సాక్ష్యం అఫ్గానిస్థాన్ చరిత్రలోనే రెండుసార్లు ఉంది.

ముందు దోహా ఒప్పందం చూద్దాం. 2020 ఫిబ్రవరి 29న అమెరికా తరఫున జల్మే ఖలీల్‌జాద్, తాలిబన్ల తరఫున ముల్లా అబ్దుల్ ఘనీ బరాదర్ దాని మీద సంతకాలు చేశారు. బయటపెట్టిన పత్రం నాలుగు పేజీలే. విదేశీ సైన్యం వెళ్లిపోవడానికి అందులో పెట్టిన 14 నెలల గడువు గురించే అందరూ మాట్లాడతారు. ఆ గడువు పక్కనే ఎవరెవరు వెళ్లాలో ఒక జాబితా ఉంది. అమెరికా, దాని మిత్రదేశాల సైనికులతోపాటు దౌత్య సిబ్బంది కాని పౌరులు, ప్రైవేటు భద్రతా కాంట్రాక్టర్లు, శిక్షకులు, సలహాదారులు, సహాయక సేవల సిబ్బంది అందరూ వెళ్లాలని రాసి ఉంది. ఆ చివరి మాటలోనే హెలికాప్టర్ మెకానిక్‌లూ ఉన్నారు. కాబూల్ ప్రభుత్వం ఈ పత్రంపై సంతకం చేయలేదు, దాన్ని చర్చలకే పిలవలేదు. అయినా ఆ ప్రభుత్వ జైళ్లలో ఉన్న తాలిబన్లను 5,000 మంది వరకు మార్చి 10లోగా విడిచిపెట్టాలని ఆ పత్రమే చెప్పింది. తాళాలు ఒకరి దగ్గర, మాట ఇచ్చినవాళ్లు ఇంకొకరు. ఆ పేచీ తెగేసరికి ఆర్నెల్లు గడిచాయి. మార్చి 10న మొదలవ్వాల్సిన అఫ్గాన్ల మధ్య చర్చలు సెప్టెంబరు 12న మొదలయ్యాయి. ఇక కాల్పుల విరమణ సంగతికొస్తే, అది ఆ చర్చల ఎజెండాలో ఒక అంశంగా ఉంటుందని మాత్రమే రాసుకున్నారు. ఉపసంహరణకు తేదీ ఉంది, కాల్పుల విరమణకు లేదు. తాలిబన్లు ఆ తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సరిపోయింది.

మెకానిక్‌ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన దగ్గర దీనిమీద చర్చే జరగలేదు.

అఫ్గాన్ సైన్యం దేశమంతటా 10 వేలకు పైగా చెక్‌పోస్టుల్లో చెదిరిపోయి ఉండేది. ఒక్కో పోస్టులో పది నుంచి ఇరవై మంది. చుట్టూ కొండలు, పోస్టుకు వెళ్లే రోడ్డు ఒక్కటే, దాని మీద మందుపాతరలు. అలాంటి చోటికి తూటాలు, నీళ్లు, పిండి చేరాలన్నా, గాయపడినవాణ్ణి ఆస్పత్రికి తరలించాలన్నా హెలికాప్టర్ ఒక్కటే దారి. ఆ సైన్యానికి చాలాకాలం అలవాటైన హెలికాప్టర్ రష్యా తయారీ ఎంఐ-17. ఎత్తైన చోట్లకు ఎగరగలదు, ఎక్కువ బరువు మోస్తుంది. దాని మరమ్మతుల్లో ఎక్కువ భాగం అఫ్గాన్ మెకానిక్‌లే చేసుకునేవారు. రష్యాపై ఆంక్షలు వచ్చాక అమెరికా దాన్ని పక్కనపెట్టి 2017 నుంచి తన సొంత తయారీ బ్లాక్‌హాక్ హెలికాప్టర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బ్లాక్‌హాక్ మంచి యంత్రమే. కానీ ఎంఐ-17 అంత సామాను పట్టదు, దాని నిర్వహణ పూర్తిగా విదేశీ కాంట్రాక్టర్ల చేతుల్లోనే ఉండేది. సరకు రవాణాకు వాడే సి-130 విమానాలదీ అదే పరిస్థితి. మెకానిక్ తయారవడానికి ఏళ్లు పడుతుంది. చదువు రావాలి, ఇంగ్లిష్ మాన్యువల్ చదవడం రావాలి, తర్వాత ఒక్కో స్థాయి దాటుకుంటూ రావాలి. ఉపసంహరణ తేదీ మాత్రం ఆ శిక్షణ పూర్తయ్యేదాకా ఆగలేదు.

అఫ్గాన్ పునర్నిర్మాణ ఖర్చుపై నిఘాకు అమెరికా కాంగ్రెస్ ఏర్పాటు చేసిన తనిఖీ సంస్థ సిగార్ 2021 మొదట్లోనే హెచ్చరించింది. కాంట్రాక్టర్లు లేకపోతే అఫ్గాన్ వైమానిక దళంలోని ఏ రకం విమానమూ కొన్ని నెలలకు మించి యుద్ధానికి పనికిరాదని. అచ్చం అలాగే జరిగింది. 2021 ఏప్రిల్‌లో ఆ దేశంలో అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టర్లు దాదాపు 17 వేల మంది ఉంటే, జులై నాటి లెక్కల్లో 8 వేల లోపే మిగిలారు. ఏప్రిల్, మే నెలల్లో బ్లాక్‌హాక్‌లలో 77 శాతం ఎగరడానికి సిద్ధంగా ఉండేవి. జూన్‌లో అది 39 శాతానికి పడిపోయింది. కింద పోస్టులు పడిపోతుంటే పైన ఒత్తిడి పెరిగింది. అన్ని రకాల విమానాలూ నిర్ణీత మరమ్మతు గడువు దాటి కనీసం 25 శాతం ఎక్కువ గంటలు ఎగిరాయి. వెళ్లిపోయిన మెకానిక్‌ల స్థానంలో ఏర్పాటు చేసింది వీడియో కాల్. విప్పిన ఇంజిన్ ముందు ఒకరు ఫోన్ పట్టుకుని నిలబడితే, వేల మైళ్ల అవతలి నుంచి ఇంకొకరు ఏ నట్టు బిగించాలో చెప్పడం. పెద్ద మరమ్మతు అయితే యంత్రాన్ని వేరే దేశానికి పంపాలి. ఇలా యుద్ధం చేయమంటే ఏ సైన్యం చేయగలదు? అదే సమయంలో పైలట్లను వెతికి మరీ చంపారు. ఇళ్ల దగ్గర, దారుల్లో కనీసం ఏడుగురిని కాల్చేశారు.

మన దేశం ఇచ్చిన దాడి హెలికాప్టర్లదీ ఇదే కథ. 2015 చివరి నుంచి మనం నాలుగు ఎంఐ-25లు ఇచ్చాం, ఆ తర్వాత బెలారస్ నుంచి ఎంఐ-24లు ఇప్పించాం. 2021 ఆగస్టులో కుందూజ్ విమానాశ్రయాన్ని పట్టుకున్న తాలిబన్లు వాటిలో ఒకదాని పక్కన నిలబడి తీసుకున్న వీడియో అందరూ చూశారు. సరిగ్గా చూస్తే ఆ హెలికాప్టర్‌కు పైన తిరిగే రెక్కలు లేవు. ‘మనం ఇచ్చిన ఆయుధం శత్రువు చేతికి చిక్కింది’ అని గగ్గోలు పెట్టినవాళ్లు ఆ లేని రెక్కల గురించి ఆలోచించి ఉంటే బాగుండేది. యంత్రం ఇవ్వడం ఒక రోజు పండుగ. దాన్ని ఎగిరే స్థితిలో ఉంచడం రోజువారీ పని. ఇంతకంటే దారుణమైన ఉదాహరణ ఇటలీ తయారీ జి-222 రవాణా విమానాలది. 54.9 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 20 విమానాలు కొన్నారు. విడిభాగాలు దొరక్క, ఆ దుమ్ములో పనిచేయక మూలపడితే 16 విమానాలను కాబూల్‌లోనే తుక్కు కింద తూకానికి అమ్మేశారు.

ఇక పోస్టులు ఎలా పడిపోయాయి? తాలిబన్లు ముందు రోడ్డు కోసేస్తారు. కొన్నాళ్లకు ఊరి పెద్దలు తెల్లజెండాతో వస్తారు. ‘మీకోసం ఎవరూ రావట్లేదు. ఆయుధాలు ఇచ్చేయండి, దారి ఖర్చులిస్తాం, ప్రాణాలతో ఇంటికెళ్లండి’ అంటారు. గాయపడినవాణ్ణి తీసుకెళ్లడానికి హెలికాప్టర్ రాదని కళ్లారా చూసినవాడికి ఆ మాటలో అబద్ధం ఎక్కడా కనపడదు. ఒక పోస్టు ఒప్పుకుంటే పక్క పోస్టుకు కబురు ఫోన్‌లో చేరుతుంది. మే నుంచి జులై దాకా జిల్లాలు ఈ పద్ధతిలోనే పోయాయి. ఆగస్టు 6న తొలి ప్రాంతీయ రాజధాని పడింది. అది జరంజ్. మన సరిహద్దు రోడ్ల సంస్థ 218 కిలోమీటర్ల రోడ్డు వేసి డెలారాంతో కలిపిన పట్టణమే. తొమ్మిది రోజులకు కాబూల్. ఆలోపు జూన్, జులైల్లోనే షేర్‌ఖాన్ బందర్, ఇస్లాం ఖలా, స్పిన్ బోల్దక్ సరిహద్దు రాకపోకల కేంద్రాలు చేజారాయి. అంటే కస్టమ్స్ సుంకం కూడా ప్రభుత్వానికి రాకుండా పోయింది.

దీనికి ఆ ప్రభుత్వం తప్పు ఏమీ లేదని నేను అనను. సైన్యం, పోలీసు కలిపి మంజూరైన బలం 3,52,000. ఆ సంఖ్య కాగితం మీదే. లేని సైనికుల పేర్లతో జీతాలు ఎత్తుకోవడం ఏళ్ల తరబడి సాగింది. ఉపాధి హామీ పనుల్లో దొంగ మస్టర్లు చూసిన మన పాఠకులకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. 2019లో బయోమెట్రిక్ లెక్క తీస్తే పదుల వేల పేర్లు ఎగిరిపోయాయి. పోలీసుల జీతాలు వేరే నిధి నుంచి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ద్వారా వచ్చేవి. అవి కింది పోలీసుకు నెలల తరబడి అందలేదు. కాందహార్ ముందు వరసలో ఒక పోలీసు దళానికి ఒకరోజు రేషన్‌గా చేరింది ఒక అట్టపెట్టెలో కుళ్లిపోతున్న బంగాళాదుంపలు. నాయకుల అవినీతికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ ఈ అవినీతి 2015లోనూ ఉంది, 2018లోనూ ఉంది. అప్పుడు కూలని ప్రభుత్వం 2021 వేసవిలోనే ఎందుకు కూలిందో అవినీతి ఒక్కటే చెప్పలేదు.

ఇప్పుడు రెండో సాక్ష్యం. సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న ఆము దరియా మీది వంతెన దాటి వెళ్లిపోయింది. అది నిలబెట్టిన అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం వారాల్లో కూలుతుందని అమెరికా, పాకిస్థాన్ నిఘా సంస్థలు గట్టిగా నమ్మాయి. మార్చిలో ఆ ప్రభుత్వంపై పోరాడుతున్న ముజాహిదీన్లు జలాలాబాద్‌ను ముట్టడించారు, ఓడిపోయారు. 1990 మార్చిలో రక్షణ మంత్రి షానవాజ్ తనాయ్ తిరుగుబాటు చేశాడు, అదీ విఫలమైంది. ఒక్క సోవియట్ సైనిక దళమూ లేకుండా నజీబుల్లా మూడేళ్లకు పైగా నిలిచాడు. సోవియట్ యూనియనే ఆయనకంటే ముందు మాయమైంది. ఎలా నిలిచాడంటే, మాస్కో సైనికుల్ని తీసుకెళ్లింది గానీ సరఫరా ఆపలేదు. అదే వంతెన మీదుగా గోధుమలు, డీజిల్ వచ్చేవి. విమానాల్లో ఆయుధాలు వచ్చేవి. సలహాదారులు కొందరు మిగిలారు. ఆ యంత్రాలు వాళ్ల మెకానిక్‌లకు చేతనైనవి. పైగా సోవియట్ ఉపసంహరణకు దారి వేసిన 1988 ఏప్రిల్ 14 నాటి జెనీవా ఒప్పందాలపై కాబూల్ ప్రభుత్వమే ఒక పక్షంగా సంతకం చేసింది. 1991 సెప్టెంబరులో అమెరికా, సోవియట్ విదేశాంగ మంత్రులు బేకర్, పాంకిన్ ఇరుపక్షాలకూ ఆయుధాల సరఫరా ఆపేద్దామని ఒప్పుకున్నారు. గడువు 1992 జనవరి 1. ఇంధనం అయిపోయి విమానాలు నేలకు దిగాయి. ఉత్తరాన మిలీషియాలను (ప్రభుత్వం పోషించే సాయుధ ముఠాలను) నడిపే డబ్బు అయిపోయి వాటి నాయకుడు దోస్తుం ఎదురు తిరిగాడు. ఏప్రిల్‌లో ప్రభుత్వం పోయింది. సైన్యం వెళ్లిన మూడేళ్లకు కూలని ప్రభుత్వం, సరఫరా ఆగిన నాలుగు నెలలకు కూలింది. నజీబుల్లా పాలన గొప్పదని దీని అర్థం కాదు. ఆయన గూఢచారి సంస్థ అధిపతిగా చేసిన హింస చిన్నది కాదు. ఇక్కడ చూడాల్సింది రాజ్యం నడిచే పద్ధతిని.

ఈ తప్పు అమెరికాదే అనుకుంటే మనం మన చరిత్ర మరచిపోయినట్టే. 1987 జులై 29 ఒప్పందం తర్వాత శ్రీలంక వెళ్లిన మన శాంతి పరిరక్షక దళం సుమారు 1,200 మందిని పోగొట్టుకుని 1990 మార్చి 24న ట్రింకోమలి నుంచి వెనుదిరిగింది. వెళ్లేముందు మనవాళ్లు శ్రీలంక ఉత్తర-తూర్పు రాష్ట్ర ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ ప్రభుత్వానికి అండగా తమిళ జాతీయ సైన్యం అనే దళాన్ని హడావుడిగా నిలబెట్టారు. ఇళ్ల నుంచి, దారుల్లో నుంచి కుర్రాళ్లను బలవంతంగా పట్టుకొచ్చి తుపాకులిచ్చారు. జీతం ఎవరిస్తారు, తూటాలు ఎవరిస్తారు, కొలంబో వాళ్లను గుర్తిస్తుందా అన్న ప్రశ్నలకు జవాబు లేదు. అప్పటికే అధ్యక్షుడు ప్రేమదాస ఎల్‌టీటీఈతో నేరుగా మాట్లాడుతున్నాడు. మన సైన్యం ఒక్కో జిల్లా ఖాళీ చేస్తుంటే వెనకాలే పులులు వచ్చి ఆ కుర్రాళ్లను ఊడ్చేశారు. మనం ఇచ్చిన ఆయుధాలు వాళ్ల చేతికెళ్లాయి. ఆ జూన్‌లో మళ్లీ యుద్ధం మొదలై తూర్పు తీరంలో లొంగిపోయిన పోలీసులు వందల మంది హతమయ్యారు. చర్చలు ఒకరితో, ఆయుధాలు ఇంకొకరికి, జీతాల బాధ్యత ఎవరికీ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత దోహాలో జరిగింది అదే.

కాబూల్ పడిన తర్వాత మరో లెక్క మొదలైంది. అది బ్యాంకుది. అఫ్గాన్ కేంద్ర బ్యాంకు విదేశీ నిల్వలు సుమారు 900 కోట్ల డాలర్లు, అందులో 700 కోట్లు న్యూయార్క్‌లో. వాటిని అమెరికా స్తంభింపజేసింది. అంతకుముందు ఆ ప్రభుత్వ ఖర్చులో నాలుగింట మూడు వంతులు విదేశీ సాయంతోనే నడిచేది. అదీ ఒక్కసారిగా ఆగింది. బ్యాంకులో డబ్బున్నవాళ్లకు కూడా వారానికి 200 డాలర్లకు మించి ఇవ్వలేదు. అఫ్గానీ నోట్లు ఐరోపాలో అచ్చవుతాయి. కొత్తవి రాకపోవడంతో జనం చేతుల్లో చినిగి టేపులతో అతికించిన నోట్లే తిరిగాయి. ప్రపంచ బ్యాంకు నిర్వహించే నిధితో నడిచే 2,000కు పైగా ఆరోగ్య కేంద్రాల్లో నర్సులకు, మంత్రసానులకు జీతాల్లేవు. తాలిబన్లపై ఆంక్షలున్నా అక్కడికి మానవతా సాయం పంపడం వాటి ఉల్లంఘన కాదని భద్రతా మండలి స్పష్టంగా తీర్మానించింది డిసెంబరు 22న. అప్పటికి నాలుగు నెలలు గడిచిపోయాయి, చలికాలం వచ్చేసింది. ప్రపంచ బ్యాంకు నిధి నుంచి 28 కోట్ల డాలర్లను యూనిసెఫ్‌కు, ప్రపంచ ఆహార కార్యక్రమానికి మళ్లించిందీ ఆ డిసెంబరులోనే. ఆ పని ఆగస్టులో చేయడానికి అడ్డేమిటి? ప్రభుత్వాన్ని తప్పించి నేరుగా ఆస్పత్రికి, నేరుగా సిబ్బంది చేతికి జీతం చేర్చే దారి ముందే గీసిపెట్టుకోకపోవడమే. ఏ ఉపసంహరణకైనా ముందు ఇలాంటి దారి ఒకటి రాతపూర్వకంగా సిద్ధంగా ఉండాలి. ఏ సంస్థ ఇస్తుంది, ఏ పట్టికలోని సిబ్బందికి, ఏ కరెన్సీలో, బ్యాంకులు మూతపడితే ఎవరి ద్వారా అన్నవన్నీ రాసి ఉండాలి.

అలాగే సైనిక సాయం కింద యంత్రం ఇచ్చేటప్పుడు దాన్ని బాగుచేయగల స్థానిక మెకానిక్‌లు ఎందరో చూసి ఇవ్వాలి. కాంట్రాక్టర్లను సైనికులతో ఒకే జాబితాలో కట్టకూడదు. సైనికుల తర్వాత కనీసం రెండేళ్లు వాళ్లు ఉండేలా వేరే ఒప్పందం ఉండాలి. వేల పోస్టులకు బదులు కాపాడుకోగలిగిన కొన్ని పట్టణాలకు, రోడ్లకు బలగాలను ముందే కుదించాలి. అలా చేస్తే భూమి వదులుకున్నట్టు కనిపిస్తుందని కాబూల్ నాయకులు ఒప్పుకోలేదు, అమెరికా గట్టిగా పట్టుబట్టలేదు. మిగిలిన వాటికంటే ముఖ్యం, ఎవరి జైళ్లు తెరవాలో, ఎవరి సైనికులు చావాలో వాళ్లు లేకుండా ఒప్పందం రాయకూడదు.

ఇక మన దేశం. మనం అక్కడ 300 కోట్ల డాలర్ల విలువైన పనులు చేశాం. హెరాత్‌లో 42 మెగావాట్ల సల్మా ఆనకట్ట, పుల్-ఎ-ఖుమ్రి నుంచి కాబూల్‌కు 202 కిలోమీటర్ల విద్యుత్ లైను, పార్లమెంటు భవనం, పిల్లల ఆస్పత్రి. వాటిని తాలిబన్లు కూల్చలేదు. 2022 ఫిబ్రవరిలో అట్టారీ మీదుగా గోధుమల లారీలు పంపడం, జూన్‌లో కాబూల్‌కు సాంకేతిక బృందాన్ని పంపడం మంచి పనులు. 2025 అక్టోబరులో దాన్ని పూర్తిస్థాయి రాయబార కార్యాలయంగా మార్చడమూ ఆచరణలో అవసరమే. మనిషి అక్కడ లేకపోతే ఆస్పత్రికి మందులు చేరాయో లేదో చూసేవాడుండడు.

కానీ మనల్ని నమ్మినవాళ్ల విషయంలో మనం చేసింది సరికాదు. 2021 ఆగస్టు 25న అఫ్గాన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేశాం. కొవిడ్ సెలవులకు ఇంటికెళ్లిన విద్యార్థులు చదువు మధ్యలో అక్కడే చిక్కుకుపోయారు. హైదరాబాద్‌లోని ఉస్మానియా, ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఏళ్ల తరబడి అఫ్గాన్ విద్యార్థులకు చదువు చెప్పిన విశ్వవిద్యాలయాలు. అఫ్గానిస్థాన్‌లో అమ్మాయిలకు 2022 డిసెంబరు 20 నుంచి విశ్వవిద్యాలయాల తలుపులు మూసేశారు, 2024 చివర్లో వైద్య శిక్షణనూ నిషేధించారు. భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఆన్‌లైన్ ఉపకార వేతనాలు ఇస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి అఫ్గాన్లకు వీసాలూ మళ్లీ మొదలయ్యాయి. వీటిని హైదరాబాద్ విశ్వవిద్యాలయాలు అందిపుచ్చుకోవాలి. ఉర్దూ అర్థమయ్యే అఫ్గాన్లు చాలామంది ఉన్నారు కాబట్టి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సులు వాళ్లకు సరిగ్గా సరిపోతాయి.

చేసేటప్పుడు చిన్న విషయాలు చూసుకోవాలి. అక్కడి బ్యాంకుల నుంచి ఫీజు పంపడం దాదాపు కుదరదు, కాబట్టి ఫీజు ఇక్కడే మాఫీ కావాలి. 2025 సెప్టెంబరు చివర్లో తాలిబన్లు దేశమంతా రెండు రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. ఆన్‌లైన్ ప్రత్యక్ష తరగతులనే నమ్ముకుంటే అలాంటి రోజున హాజరు పోతుంది, పరీక్ష పోతుంది. పాఠాలు ఫోన్‌లో దించుకుని తర్వాత చదువుకునేలా, తక్కువ డేటాతో ఆడియోగా ఇవ్వాలి. పరీక్షకు ఒకే తేదీ పెట్టకుండా పది రోజుల వ్యవధి ఇవ్వాలి. మార్కుల పత్రం మీద ఇంటి చిరునామా వేయకూడదు. మధ్యలో ఆగిపోయిన పాత విద్యార్థులకు పూర్తిచేసిన సెమిస్టర్ల ధ్రువపత్రాలు ఈమెయిల్‌లో పంపడానికి ఏ దేశంతోనూ ఒప్పందం అక్కర్లేదు, పరీక్షల విభాగంలో ఒక సంతకం చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్